పేరెత్తని పాట

నేను ఒక తెలుగు టైపు మిషన్ను. అవును, తెలుగే. ఇంగ్లీషు మిషన్లకు ఇరవయ్యారు అక్షరాలు, హాయిగా బతికేశాయి. నాకు తలకట్టు వేరు, గుడి వేరు, ఒత్తు వేరు. ఒక్క 'స్త్రీ' అనాలంటే ఎంత తంటానో నా మీటలకు తెలుసు. ఇప్పుడు అనంతపురంలో ఒక పాత ఇనప సామాన్ల కొట్టులో, తిరగని ఫ్యానుకీ చిల్లుపడ్డ బిందెకీ మధ్య కూచుని చెప్తున్నాను. మీకు ఓపిక లేకపోతే పోనీండి, బిందె వింటుంది.

ఫ్యాక్టరీ నుంచి తిన్నగా తాలూకాఫీసుకు వెళ్ళాను. "తెలియజేయునది ఏమనగా" అని మొదలై చివరికి ఏమీ తెలియజేయని ఉత్తరాలు పన్నెండేళ్ళు కొట్టాను. తర్వాత వేలంలో ఖాసింపీరా నన్ను కొనుక్కున్నాడు. యూనివర్సిటీ గేటు ఎదురుగా అతనిది టైపు కొట్టు. అబ్బో, ఇక విద్వాంసులొస్తారు, నా జన్మ తరించిందనుకున్నా. వచ్చారు మహానుభావులు! నవల మీద రాసినా, శతకం మీద రాసినా, ప్రతివాడి వ్యాసమూ ఒకటే వాక్యంతో మొదలు: "సాహిత్యం సమాజానికి దర్పణం వంటిది." పీరా టీ తాగుతూ, కాగితం వైపు చూడకుండా, ఒంటి చేత్తో దాన్ని కొట్టేసేవాడు. నా 'ద' అరిగిపోయింది ఆ దర్పణం వల్లే.

సుంకులమ్మ కూడా అదే వాక్యంతో వచ్చింది. ఎం.ఫిల్. సీటుకు వ్యాసం ఇవ్వాలి. శనక్కాయలు ఒలుస్తూ వాళ్ళ ఊరి ఆడవాళ్ళు వాన కోసం పాడే పాట మీద రాసింది. దర్పణం అయ్యాక ఆదిమానవుడు, ఆ తర్వాత రాజుల కాలం, ఆ తర్వాత నవీన యుగం. ప్రొఫెసరు గారు ఒకసారి తిప్పి పంపారు. రెండోసారి ఎర్రసిరాతో రాసి పంపారు: "అమ్మా, ఆరు పేజీలు తిరిగాను. పాట ఎక్కడ?" ఆ రోజు సాయంత్రం ఐదులోపల మళ్ళీ ఇవ్వకపోతే సీటు లేనట్టే. తల్లి హనుమక్క పొద్దున్నే ఊరి నుంచి వచ్చి బెంచీ మీద కూచునుంది. ఇక చాలు, నాలుగు గంటల బస్సుకు తనతో వచ్చేయమంటుంది.

సుంకులమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఎట్ల మొదలుపెట్టాల్నో తెలీడం లేదు పీరన్నా," అంది.

"నాకేం తెలుసు తల్లీ, కొట్టేవాణ్ణి. ఆ పాటేందో ఒకసారి పాడు, ఇందాం," అన్నాడు పీరా.

ఆమె సన్నగా ఎత్తుకుంది. "ఆయనొచ్చి ఆరు నెల్లాయె, అటక మీది ఇత్తనాలు ఎదురుచూసె..." అట్లా పదకొండు చరణాలు. పీరా టీగ్లాసు కింద పెట్టి అడిగాడు.

"వాన పాట అంటివి. వాన అనే మాటే ఇనపడలేదే?"

సుంకులమ్మ పాటను లోలోపల మళ్ళీ పాడుకుంది. చరణాలు వేళ్ళ మీద లెక్కేసుకుంది. "అవునన్నా! యాడా లేదు! ఆయన, ఆయన అనే అంటారు. మా యమ్మ మా నాయన పేరెత్తదు గదా, అట్లే!" అని నవ్వింది. "కాగితం ఎక్కించు."

ఆమె చెప్తోంది, పీరా కొడుతున్నాడు. "వాన కోసం పాడే ఈ పాటలో పదకొండు చరణాలున్నాయి. వాన అన్న మాట ఒక్కదానిలోనూ లేదు. మా ఊరి ఆడవాళ్ళు మొగుడి పేరెత్తరు. వానకూ అదే మర్యాద ఇచ్చారు."

నా ఒళ్ళు జలదరించింది. నిజం చెప్తున్నా, అన్నేళ్ళలో నేను కొట్టిన వాక్యాలన్నీ అంతకుముందే ఎవరెవరో వెయ్యిసార్లు కొట్టినవి. ఇది నా కళ్ళ ముందే పుట్టింది. ఈ మాట లోకంలో ఇంకే కాగితం మీదా లేదు గదా అనుకుంటే భయమూ వేసింది, సంతోషమూ వేసింది.

సుంకులమ్మ దాన్ని తల్లికి చదివి వినిపించింది.

"బాగుంది గానీ పాపా, మర్యాదకు గాదు," అంది హనుమక్క. "ఆ పేరెత్తితే ఏడుపొచ్చి గొంతు పడిపోతాది. ఇంగ పాడలేము."

సుంకులమ్మ తల్లిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత ఆఖరి వాక్యం మీద గీత కొట్టించి, మెల్లగా చెప్పింది. "వానకూ అదే మర్యాద అనుకున్నాను. పాడేవాళ్ళను అడిగితే, పేరెత్తితే గొంతు పడిపోతుందన్నారు. గొంతు పడిపోకుండా ఈ పాట తనను తాను ఎలా కాపాడుకుందో చెప్పడమే ఈ వ్యాసం."

ఆ ఒక్క కాగితమే ఆమెకు సీటు తెచ్చిందని తర్వాత పీరా ఊరంతా చెప్పుకున్నాడు. నాకు మాత్రం ఆ పూటే తెలుసు. మనుషులు ఎక్కడెక్కడో వెతుకుతారు గానీ, మొదలుపెట్టాల్సిన మాట పక్క బెంచీ మీదే కూచునుంటుంది. అడగరంతే.

ఆమె ఆ వాక్యం ముగించేసరికి గేటు దగ్గర నాలుగు గంటల బస్సు ఆగి హారన్ కొట్టింది. సుంకులమ్మ బిక్కమొహం వేసుకుని తల్లి వైపు తిరిగింది. హనుమక్క మూట ఒళ్ళోకి లాక్కుని, బెంచీ మీద ఇంకాస్త వెనక్కి జరిగి కూచుంది.

"పోనీలే పాపా దాన్ని. నువ్వు రాయించు. చరణాలు పదకొండుండాయి, ఒక్కోదానికి ఒక్కో సంగతుంది."