గుండుగాడి తుంటి

ఆళ్లగడ్డలో రాయి చెక్కే చేతులు ఎన్నో ఉన్నాయి గానీ, రాయి మాట వినే చెవి మాత్రం తిరుపాలుదేనని అందరూ ఒప్పుకునేవాళ్లు. లారీలో నుంచి కొత్త రాయి దిగిందంటే ముందు ఆయనకు కబురు పోవాల్సిందే. ఆయన వచ్చి, చెప్పులు విడిచి, చిన్న సుత్తితో రాతి మీద ఒక్క దెబ్బ మెల్లగా వేసి, చెవి ఆనించి కండ్లు మూసుకునేవాడు. ఖంగుమంటే మంచి రాయి. దబ్బుమంటే లోపల పగులున్నట్టే. అది పైకి ఎంత నిగనిగలాడినా సరే, తీసుకుపొమ్మనేవాడు. కుందూ నది పొంగి వీధుల్లోకి వచ్చిన ఏడాది, బనగానపల్లె ఆసామి ఒకాయన ఈ మాట లెక్కచేయక, దబ్బుమన్న రాతిలోనే నందిని చెక్కించుకున్నాడు. మొదటి అభిషేకానికి మూడో బిందె నీళ్లు పోశారో లేదో, నంది మూపురం ఊడి పూజారి కాలి మీద పడింది. పాపం ఆ పూజారి మంచివాడు, మామిడికాయలు అడిగినన్ని ఇచ్చేవాడు. ఆయన కుంటి నడక చూసిన తర్వాత తిరుపాలు చెవికి ఎదురు చెప్పినవాడు లేడు.

ఆయన భార్య ఈశ్వరమ్మకు మాత్రం ఆ చెవి మీద పాత కోపం ఉండేది. నలభై రెండేండ్ల కాపురంలో ఆ చెవి రాళ్ల మాట విన్నదే గానీ ఆమె మాట విన్నది తక్కువ. ఆమె కూర గురించి చెప్తే ఆయన ఊ అనేవాడు, కోడలు గురించి చెప్తే ఊ అనేవాడు, ఇల్లు కాలిపోతాందంటే కూడా ఊ అనేవాడేమో. అలాంటి ఇంట్లోకి గుండుగాడు వచ్చాడు.

నంద్యాలలో బట్టల అంగడి ఉన్న గిరీశ్ అనే ఆయన, తిరుపాలు చెక్కిన వినాయకుడిని చూసి మురిసిపోయి, తన ఇంట్లో ఈనిన పెద్దజాతి కుక్క పిల్లను ఒకదాన్ని బహుమానంగా ఇచ్చాడు. చెవులు నిక్కపొడుచుకునే జాతి, పోలీసుల దగ్గర ఉంటాయే, అది. చెక్కిన బొమ్మలకు కావలి ఉంటుందన్నాడు. అది కావలి సంగతి మరిచిపోయి ఈశ్వరమ్మ కొంగు పట్టుకుంది. ఆమె వంటింట్లో కూర్చొని తన పెండ్లినాటి సంగతులు, అవుకులో మేనత్త చేసిన ఓళిగల సంగతులు చెప్పుకుంటూ ఉంటే, గుండుగాడు ఎదురుగా కూర్చొని తల ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు వాల్చి వినేవాడు. మేనత్త చచ్చిపోయిన చోటికి వచ్చేసరికి కుయ్యిమనేవాడు కూడా. ఇంక ఆమెకు ఏం కావాలి?

గుండుగాడికి ఐదో నెల నిండింది. ఒకరోజు పొద్దున, ఎదురింటి శేషయ్య తన చిల్లర అంగడి తలుపులు తీస్తూ, వీధిలో పరుగెత్తుతున్న గుండుగాడిని చూసి ఆగిపోయాడు.

"ఏమప్పా తిరుపాలూ, మీ కుక్క ఏందీ కుందేలు మాదిరి ఎగురుతాంది? ఎనక కాళ్లు రెండూ ఒకేసారి ఏస్తాంది."

"ఉషారు" అన్నాడు తిరుపాలు.

"ఉషారు కాదప్పా, జబ్బు! ఫోన్లో చూసినా. ఈ జాతికి తుంటి వదులుంటాదంట. ఎముక గిన్నెలో నుంచి జారిపోతాదంట. ఇప్పుడేం తెలీదు, పెరిగేకొద్దీ బయటపడతాది. ఏడాది తిరిగేసరికి కాళ్లు ఈడ్చుకుంటా పోతాది, చూస్తాండు."

"శేషయ్యన్నా, పొద్దున్నే బోణీ కూడా కాకముందే ఆ మాటలేంది నీకు?" అని ఈశ్వరమ్మ లోపల్నుంచి అరిచింది. "నీ అంగట్లో కందిపప్పుకు పురుగు పట్టింది, దాని సంగతి చూసుకోపో!"

కానీ మాట పడనే పడింది. తిరుపాలు లోపలికి వెళ్లి చిన్న సుత్తి తెచ్చాడు. గుండుగాడిని పక్కకు పడుకోబెట్టి, సుత్తి పిడితో తుంటి మీద మెత్తగా తట్టి, చెవి ఆనించి కండ్లు మూసుకున్నాడు. గుండుగాడు ఆయన చెవిని నాకాడు. ఆయన కదల్లేదు. మళ్లీ తట్టాడు, మళ్లీ విన్నాడు. లేచి, సుత్తి మొలలో దోపుకున్నాడు.

"దబ్బంటాంది. పగులుంది" అన్నాడు.

ఈశ్వరమ్మ గుండుగాడిని దగ్గరికి లాక్కుంది. పగులు ఉండటం ఒక ఎత్తు, దాని తర్వాత వచ్చే మాట ఒక ఎత్తు. పగిలిన విగ్రహం ఇంట్లో ఉండకూడదని ఆ ఇంటి కట్టుబాటు. తిరుపాలు తాత నాటి నుంచీ, చెయ్యి విరిగిన కృష్ణుడైనా, ముక్కు లేచిపోయిన లక్ష్మైనా, చీకటి పడకముందే కుందూలో కలిపి రావాల్సిందే.

"బేస్తవారం గిరీశ్‌కు వాపసు ఇచ్చేస్తా" అన్నాడు తిరుపాలు. "ఆయప్ప ఇచ్చినాడు, ఆయప్పే తీసుకుంటాడు."

"అది రాయి కాదయ్యా, కుక్క!"

"పగులు పగులే. దేంట్లో ఉంటే ఏంది?"

ఆమె ఏడ్చింది, అన్నం మానింది, మళ్లీ మధ్యాహ్నానికి తినింది. చివరికి ఒక దారి దొరికింది. "సరే, నీ చెవి గొప్పదే. నంద్యాలలో కుక్కల డాక్టరమ్మ ఉండాది కదా, ఫోటో తీసి ఎముక చూపిస్తాది. ఆ యమ్మ కూడా పగులుందంటే, నేనే నా చేతుల్తో గిరీశ్ ఇంట్లో ఇడిసి వస్తా. లేదంటే గుండుగాడు యాడికీ పోడు. సరేనా?"

తిరుపాలు ఆలోచించాడు. తన చెవి విన్నదాన్ని పట్నం ఫోటో కూడా ఒప్పుకుంటే ఎంత బాగుంటుందో అనుకున్నట్టున్నాడు. "సరే" అన్నాడు.

బేస్తవారం దాకా ఆ ఇల్లు ఇల్లులా లేదు. ఇంట్లో అంతా పాలిష్ పట్టిన నాపరాళ్లు. ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత నున్నగా తిరుపాలే పరిచాడు. ఇప్పుడు దాని మీద కుక్క జారితే ఉన్న పగులు ఇంకా విచ్చుకుంటుందని, ఆయన ఉలి తీసుకుని నట్టిల్లు మొత్తం గరుకు చేయడానికి కూర్చున్నాడు.

"పంపించేసే కుక్కకు ఇల్లంతా చెక్కేదేందయ్యా?"

"పోయేదాకా నా పూచీ కదా. అప్పగించేటప్పుడు ఎట్లొచ్చిందో అట్ల ఉండాల."

నట్టిల్లు అయింది, పడసాల అయింది, మూడో రోజుకు వంటింటి గడప దాకా వచ్చాడు. అక్కడ ఈశ్వరమ్మ రోకలి పట్టుకుని నిలబడితే ఆగాడు. ఆమె తన వంతుగా, పోతుందేమోనన్న బెంగతో కుక్కపిల్లకు పొద్దున ఉగ్గాని, పదింటికి పాలన్నం, మధ్యాహ్నం నెయ్యేసిన రాగిసంకటి, మాపటికి నాలుగు గుడ్లు పెట్టింది. ఎముక గట్టిపడుతుందని తన కీళ్ల నొప్పుల టానిక్కు కూడా రెండు మూతలు పోసింది.

బేస్తవారం పొద్దున చిరంజీవి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ఊళ్లో విగ్రహాలన్నీ మోసేది ఆ ఆటోనే. తిరుపాలుకు బరువైన వస్తువు పంపాలంటే ఒకటే పద్ధతి తెలుసు. కొయ్య పెట్టె, కింద రెండు మూరల వరిగడ్డి, చుట్టూ గోనెపట్టా, పైన పసుపు గుడ్డ. గుండుగాడిని అట్లాగే అందులో దించి, తుంటికి రెండు వైపులా గడ్డి కూరి, పట్టెలు బిగించాడు.

"మామా, కుక్కకు పెట్టెందుకు? అత్త ఒళ్లో కూర్చోబెట్టుకుంటాది కదా" అన్నాడు చిరంజీవి.

"దారిలో గుంతలుండాయి. నువ్వు బండి తోలేది చూసినోడెవడూ ఒళ్లో పెట్టుకోడు" అన్నాడు తిరుపాలు.

శిరివెళ్ల దగ్గర టీ తాగుదామని చిరంజీవి ఆటో ఆపాడు. అదే పొరపాటు. ఆళ్లగడ్డ వైపు నుంచి కొయ్య పెట్టె, పైన పసుపు గుడ్డ, పక్కన సుత్తి దోపుకున్న పెద్దాయన. ఆ దారిలో ఉన్నవాళ్లకు చెప్పాలా? ఒకామె బిందె దించి దండం పెట్టింది. ఇంకొకామె కొబ్బరికాయ తెచ్చి ఆటో చక్రం ముందర కొట్టింది. కర్పూరం కూడా వచ్చింది.

"ఏ దేవుడమ్మా?" అని అడిగింది కొబ్బరికాయ ఆమె.

ఈశ్వరమ్మ నోరు తెరవబోయింది. లోపల్నుంచి గుండుగాడు భౌ మన్నాడు.

జనం ఒక్క అడుగు వెనక్కు వేశారు. కొబ్బరికాయ ఆమె మాత్రం బెదరలేదు. "భైరవస్వామి!" అని చెంపలు వేసుకుంది. "ముందు వాహనమే పలుకుతాది, మా అవ్వ చెప్పేది" అని కొబ్బరి చిప్ప పట్టెల సందులో పెట్టింది. లోపల్నుంచి ఎవరో దాన్ని మర్యాదగా అందుకున్నారు. కరకర చప్పుడు వినిపించింది. ఇంక చూడాలి అక్కడ! పదకొండు కాయలు కొట్టారు, కాయకొక చిప్ప లోపలికి పోయింది.

"అత్తా, బేగా పోదాం. ఇంకొంచెంసేపుంటే ఈడనే గుడి కట్టేస్తారు" అని చిరంజీవి బండి తీశాడు.

నంద్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ పేరు లూదియా. చిన్న పిల్ల, ముప్పై కూడా ఉండవు. పెట్టె విప్పి, గడ్డి తీసి, గుండుగాడిని చూసి, "ఇన్నేండ్లలో ఇట్లా ప్యాకింగ్‌తో వచ్చిన పేషెంటు లేదు" అంది. అటెండరు ఎలీషా, ఆరడుగుల మనిషి, కుక్కపిల్లను ఎత్తబోయి "అబ్బో" అన్నాడు. ఫోటో తీశారు. వెలుగు పెట్టె మీద పెట్టి డాక్టరమ్మ చూపించింది.

"ఇదిగో పెద్దాయనా, ఇది గిన్నె, ఇది అందులో కూర్చునే ఎముక. చక్కగా కూర్చుంది. పగులు లేదు, వదులూ లేదు. ఇప్పటికైతే బ్రహ్మాండంగా ఉంది."

ఈశ్వరమ్మకు కండ్లల్లో నీళ్లు తిరిగాయి. "వింటివా?" అంది మొగుడితో.

"వినేదానికి ఏముంది? ఫోటో మోగదు కదా" అన్నాడు తిరుపాలు. "డాక్టరమ్మా, నువ్వు చదువుకున్నదానివి, కాదనను. కానీ నా చెవి ఇంతవరకూ తప్పలేదు. ఇది దబ్బంది."

"మంచి తుంటి ఎట్లా మోగుతుంది మరి?"

"ఖంగుమని."

డాక్టరమ్మ నవ్వాపుకుని ఎలీషా వైపు చూసింది. "అన్నా, నీకేమైనా తుంటి నొప్పి ఉందా?"

"నాకా? దినామూ ఎద్దులను ఎత్తుతా మేడం."

"అయితే ఈయన్ను కొట్టి చూపించండి. మంచి తుంటి మోత నేనూ వింటా."

ఎలీషా పక్కకు తిరిగి నిలబడ్డాడు. తిరుపాలు సుత్తి పిడితో తట్టి చెవి పెట్టాడు. ముఖం మారింది.

"నాయనా, నీకూ పగులుంది."

"నాకా!" అన్నాడు ఎలీషా, తుంటి పట్టుకుని.

బయట బెంచీల మీద ఉన్నవాళ్లు లోపలికి తొంగిచూశారు. మేకను పట్టుకుని వచ్చిన రుద్రవరం ముసలాయన ముందుకు వచ్చి "నాది కూడా చూడప్పా, మూడేండ్లుగా నొప్పి" అన్నాడు. దబ్. ఆయన మేక, దబ్. పిల్లి బుట్టతో ఉన్న టీచరు, దబ్. టీకా కోసం వచ్చిన దూడ, దాని యజమాని, యజమాని తమ్ముడు, అందరూ దబ్బే. తిరుపాలు చెమట తుడుచుకుంటూ వరస వెంట పోతున్నాడు. నంద్యాల మొత్తం మీద చెక్కడానికి పనికొచ్చే మనిషి ఒక్కడూ దొరకలేదు.

అప్పుడు ఈశ్వరమ్మ వరసలో నిలబడింది.

"నువ్వెందుకే?"

"కొట్టు."

"ఇంత మందిలోనా?"

"ఇంత మందిలోనే. కొట్టి చెప్పు."

తిరుపాలు సుత్తిని తిరగేసి, పిడితో, పూవు మీద ఈగ వాలినంత మెల్లగా ఆమె తుంటి మీద తట్టాడు. వంగి చెవి ఆనించాడు. నలభై రెండేండ్లలో ఆ చెవి ఆమె కోసం వంగడం అదే మొదలు. ఆయన చాలాసేపు విన్నాడు. ఎందుకంత సేపు విన్నాడో ఆయనకే తెలియాలి. మేక కూడా అరవలేదు.

"ఏమంటాంది?" అని అడిగింది ఈశ్వరమ్మ.

ఆయన సుత్తిని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

"చెప్పయ్యా. దబ్బందా? అంటే చెప్పు, కుందూ ఈడికి దగ్గరే. పెట్టె ఉండాది, గడ్డి ఉండాది. చిరంజీవీ, బండి తిప్పు నాయనా!"

ఆస్పత్రి అంతా తిరుపాలు వైపే చూసింది. ఆయన ఒకసారి గుండుగాడి వైపు, ఒకసారి భార్య వైపు చూశాడు. తన చెవి తప్పిందని ఆయన ప్రాణం పోయినా అనడు. ఆమెకూ తెలుసు.

"పగులుండేది పూజకు పనికిరాదు, అంతే" అన్నాడు చివరికి. "అంతమాత్రాన పారేస్తామా? వాకిట్లో గడప రాయికి వాడతాం. ఎంత తొక్కినా నిలబడతాది. ఈడు వాకిట్లోనే కదా ఉండేది. ఉండనీ."

"మరి నేనో?"

"నువ్వు రుబ్బురోలు. నిన్నెవడు కదిలిస్తాడు?"

జనం గొల్లుమన్నారు. ఈశ్వరమ్మ కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. డాక్టరమ్మ గుండుగాడిని తూకం మీద నిలబెట్టింది.

"ఇరవై ఎనిమిది కిలోలు! అమ్మా, ఐదు నెలల పిల్లకు ఏం పెడతాండారు?"

ఈశ్వరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. సంకటి దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ రాయడం ఆపేసింది. టానిక్కు దగ్గరికి వచ్చేసరికి తల పట్టుకుంది.

"ఇప్పుడు లేని జబ్బు మీరే తెచ్చేలా ఉన్నారు. పెరిగే ఎముక మీద ఇంత బరువు పడితే తుంటి ఏం కావాల? టానిక్కు ఇంక చుక్క పోయొద్దు. తిండి సగం చెయ్యండి. మెట్లు ఎగరనీయొద్దు, మెల్లగా నడిపించండి. ఏడాది నిండినాక తీసుకురండి, ఇంకో ఫోటో తీద్దాం."

తిరుపాలు భార్య వైపు తిరిగాడు. "నా చెవినే తప్పు పడితివి. పగలగొట్టేది ఎవరో తెలిసిందా ఇప్పుడు?"

ఆమె గుండుగాడి పట్టీ పట్టుకుని బయటికి నడిచింది.

తిరిగి వచ్చేటప్పుడు పెట్టె ఖాళీగా వచ్చింది. గుండుగాడు ముందు సీట్లో తిరుపాలు కాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఆళ్లగడ్డలో దిగేసరికి సాయంత్రమైంది. శేషయ్య అంగడి మెట్ల మీదే ఉన్నాడు, కాచుకున్నట్టు.

"ఏమప్పా, కుక్కను మళ్లీ తెచ్చినావే! ఏమన్నారు? పగులుందా లేదా?"

ఈశ్వరమ్మ గుండుగాడి పట్టీ గట్టిగా పట్టుకుంది. ఊరంతా విననున్న జవాబు ఇది. లేదంటే చెవి పోతుంది, ఉందంటే కుక్క పోతుంది.

తిరుపాలు సుత్తి చేతిలోకి తీసుకుని వీధి దాటి ఆయన దగ్గరికి నడిచాడు. "ఉంది" అన్నాడు. "అందరికీ ఉంది. నంద్యాలంతా చూసొచ్చినా. నీకు కూడా ఉండాది శేషయ్యా. లే, పక్కకు తిరుగు, యాడుందో చెప్తా."

శేషయ్య లేచాడు గానీ పక్కకు తిరగలేదు. కందిపప్పు మూట దాటుకుని నేరుగా లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. గుండుగాడు రెండు వెనక కాళ్లూ కలిపి కుందేలులా ఒక్క గెంతు గెంతి, గరుకు నాపరాళ్ల మీద జారకుండా, నేరుగా వంటింట్లోకి పోయి తన గిన్నె ముందర కూర్చున్నాడు. ఈశ్వరమ్మ సంకటి ముద్ద చేసింది. దాన్ని చూసింది. సగం తుంచి, ఆ సగాన్ని తానే నోట్లో వేసుకుంది.