వించ్ లేని ట్రెయిలర్

ట్రెయిలర్ కొందామన్నది మార్లిసే. ఆ సంగతి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది ఆవిడకు, గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండింది.

ఏళ్ల తరబడి ఒకటే పద్ధతి. శనివారం పొద్దున్నే వెర్లిన్ తన పాత ఎర్ర కారును తనే నడుపుకుంటూ రేస్ ట్రాక్‌కు బయల్దేరేవాడు. బరువు తగ్గించాలని ఏసీ, రేడియో, చివరికి పక్క సీటు కూడా పీకేసిన కారు అది. భార్య మార్లిస్‌కు అందులో చోటు లేదు. ఆవిడ తన చిన్న కారు నిండా టైర్లు, జాకీ, పనిముట్లు, సాండ్‌విచ్‌ల డబ్బా సర్దుకుని వెనకాలే వెళ్లేది. పగలంతా అతను ట్రాక్ చుట్టూ గిరగిరా తిరిగాక సాయంత్రం మళ్లీ అదే ఊరేగింపు. విస్కాన్సిన్ మొక్కజొన్న చేల మధ్య గంటల తరబడి మొగుడి కారు వెనక లైట్లు చూస్తూ నడపడమే ఆవిడకు వారాంతపు విశ్రాంతి.

కిందటి అక్టోబరులో తిరిగొస్తుండగా ఆ లైట్లు మెల్లగా రోడ్డు అంచుకు జారాయి. మార్లిస్ హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. వెర్లిన్ కునుకు తీశాడు. ఇంటికి చేరాక ఇద్దరూ వంటింట్లో కూర్చుని చల్లారిన సూప్ తాగుతుంటే ఆవిడే అంది.

"ఇంక నావల్ల కాదు వెర్లిన్. ఆ కారుని ట్రెయిలర్ మీద పడేసి లాక్కొద్దాం. ఇద్దరం ఒకే బండిలో రావచ్చు. సగం దూరం నేను నడుపుతా, సగం దూరం పడుకుంటా."

"అయితే లాగే బండి కూడా కొనాలిగా," అన్నాడు వెర్లిన్. అప్పటిదాకా వాడిపోయి ఉన్న ముఖం చేటంతయింది.

ఆ చలికాలమంతా బండ్లు చూడడంతోనే సరిపోయింది. వెర్లిన్ మనసు పికప్ ట్రక్కుల మీద పడింది. కానీ ఆ వైపు రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు తినేయని ట్రక్కు దొరకడం కష్టం. పైకి అద్దంలా మెరుస్తున్న ఒకదాని కిందికి వెర్లిన్ దూరి, స్క్రూడ్రైవరుతో దాని చట్రాన్ని పొడిస్తే, నానిన బిస్కెట్‌లో దిగినట్టు దిగింది. అయినా రంగు మాత్రం బాగుందన్నాడు. లాగడం కాదు, అంత బరువుతో దిగుడులో ఆపగలగాలని మార్లిస్ గుర్తుచేసింది. ఆ ముక్క ఆవిడకు నేర్పింది అతనే.

చివరికి ఒక చర్చివాళ్లు అమ్మకానికి పెట్టిన పెద్ద వ్యాన్ దొరికింది. బరువు లాగే తాహతు ఉంది, అడుగున తుప్పు లేదు. మార్లిస్ ఇంజను సంగతి అడగనే లేదు. కోటు కూడా విప్పకుండా వెనక సీటు మీద వాలి కళ్లు మూసుకుంది. ఇదే తీసుకుందాం అంది, కళ్లు తెరవకుండానే.

చిక్కంతా ట్రెయిలర్ దగ్గర వచ్చింది. మార్చిలో, ఇంకా బురదమంచు కరగని ఒక ఆవరణలో, ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలాయన వాళ్లకు ట్రెయిలర్లు చూపించాడు. పెట్టెలా మూసి ఉన్నది వ్యాన్‌కు బరువెక్కువ. పైన ఏమీ లేని బల్లలాంటిది నచ్చింది. దానికి సొంత బ్రేకులున్నాయి. ముక్కు నేలకు రాసుకునే కారు కూడా ఎక్కేంత పొడుగు పలకలున్నాయి. బేరం కుదిరిపోయినట్టే. అప్పుడు ముసలాయన ముందు వైపు బిగించిన వించ్ చూపించి బొత్తం నొక్కాడు. మోటారు గీమంటూ ఇనుపతాడును చుట్టుకోసాగింది. కారు కదలకుండా చచ్చిపడున్నా సరే, ఇది పైకి లాగేస్తుందన్నాడు.

వెర్లిన్ నవ్వాడు. "విన్నావా? ఇంటికెలా పోతామన్న బెంగ లేదిక. ముక్కలైనా పోగేసి తెచ్చుకోవచ్చు."

ఆ వించ్ చప్పుడు మార్లిస్‌కు తెలుసు. వాళ్ల స్నేహితుడు డ్యుయేన్ కూడా ఒకప్పుడు తన కారును తనే నడుపుకుంటూ వచ్చి, తనే నడుపుకుంటూ వెళ్లేవాడు. తర్వాత ట్రెయిలర్ కొన్నాడు. మరుసటి వేసవిలో ట్రాక్ గోడను గుద్దాడు. అతన్ని హెలికాప్టర్‌లో తీసుకెళ్లారు. అతని భార్య ఆసుపత్రికి పరుగెత్తితే, కారులో మిగిలిన తుక్కును వించ్ బొత్తం నొక్కి పైకి ఎక్కించింది మార్లిసే. డ్యుయేన్ బతికాడు. కర్ర పట్టుకుని నడుస్తాడు, ఎవరు ఫోన్ చేసినా ఎత్తడు.

మార్లిస్‌కు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ తన ప్రాణం తీసిన ఆ ఊరేగింపే వెర్లిన్ ప్రాణం కాపాడుతూ వచ్చింది. ఇదే కారులో ఇంటికి పోవాలన్న భయమే ప్రతి మలుపు ముందూ అతని కాలిని బ్రేకు మీదికి తెచ్చేది. ఆ భయం తీసేయమని అడిగింది తనే, కాసింత నిద్ర కోసం.

వించ్ విప్పేయమని ముసలాయనతో చెప్పింది. విప్పినా ధర తగ్గదన్నాడాయన. తగ్గించొద్దంది. వెర్లిన్ ఆవిడను పక్కకు తీసుకెళ్లాడు.

"పాడైపోతే ఎలా ఎక్కిస్తాం మరి?"

"నువ్వే నడుపుకుంటూ ఎక్కించు."

"నడవకపోతే?"

"అక్కడే వదిలేద్దాం. డ్యుయేన్ కారుని ఎక్కించాను వెర్లిన్. నీదాన్ని ఎక్కించను. అలిసిపోయాను. నాలో అంత ఓపిక లేదు."

వెర్లిన్ వెళ్లి, ముసలాయన చేతిలోని పానా తీసుకుని బోల్టులు తనే విప్పాడు.

మే నెలలో మొదటిసారి వెళ్లారు. సాయంత్రం ఆఖరి విడత నడుస్తుండగా మార్లిస్ వ్యాన్ తలుపు తీసుకుని వెనక సీటు మీద పడుకుంది. కళ్లు మూసుకున్నా చెవి మాత్రం ట్రాక్ మీదే ఉంది. అన్ని ఇంజన్ల మధ్యా వెర్లిన్ కారు చప్పుడు ఆవిడ గుర్తుపడుతుంది. ఉన్నట్టుండి అది వినపడలేదు. లేచి కూర్చుంది. తలుపు తోసి బయటికి చూసింది.

ఎర్ర కారు మెల్లగా వాళ్ల చోటికే వస్తోంది. మిగతావాళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నారు, ముగింపు జెండా ఇంకా ఊపలేదు.

"టైర్లు అయిపోయాయి," అన్నాడు వెర్లిన్, హెల్మెట్ తీస్తూ.

ఆ టైర్ల మీది కొత్త చీటీలు పొద్దున తన చేతులతో పీకింది మార్లిసే. అయినా ట్రెయిలర్ ముందు నిలబడి రమ్మని రెండు చేతులూ ఊపింది. అతను కారును నడుపుకుంటూ పలకల మీదుగా పైకి ఎక్కించి ఇంజను ఆపాడు. ఇద్దరూ కలిసి చక్రాలకు పట్టీలు బిగించారు.

సగం దూరం వెళ్లాక లేపమని చెప్పి ఆవిడ వ్యాన్‌లో పడుకుంది. రోడ్డెక్కేదాకా వెనక ట్రెయిలర్ గొలుసుల చప్పుడు విన్నది. ఆ తర్వాత ఇల్లు వచ్చేదాకా ఏమీ వినలేదు.