పంటి మిషనుకు పక్కవాద్యం

పెద్దకొడుకు పళ్ల డాక్టరు. ఆ చుట్టుపక్కల సగం మంది దవడలు అతని చేతి మీదే బాగయ్యాయి. కన్నతల్లి మాత్రం అతని చేత పన్ను తీయించుకోవడానికి ససేమిరా అంటోంది. డాక్టరుకు ఇంతకన్నా తలవంపులు ఇంకేం కావాలి?

మొండికేసిందంటే అదీ కాదు. బుద్ధిగా కుర్చీ దాకా వచ్చింది, కూర్చుంది, మత్తు సూదికి కూడా ఓర్చుకుంది. పన్ను కోసి ముక్కలు చేసే మిషను కుయ్యిమనగానే కాళ్లకు బుద్ధి చెప్పింది. మెడకు కట్టిన తువాలుతోనే, బయట వరసలో కూర్చున్న వాళ్ల మధ్యలోంచే మేడమెట్లు ఎక్కేసింది. ఆమె వెనకాలే మరో ఇద్దరు లేచి చెప్పులు వేసుకున్నారు. డాక్టరు తల్లే పారిపోతుంటే మనమెంత అనుకుని ఉంటారు.

కింద క్లినిక్కు, మేడమీద కాపురం. ఆ మేడమీదే ఒక మంచం కింద స్టీల్ గిటారు పడి ఉంది. అది చిన్నకోడలిది.

దాన్ని మామూలు గిటారులా గుండెకు ఆనించుకుని వాయించరు. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, కుడిచేత్తో తీగలు మీటుతూ, ఎడమచేత్తో నున్నటి ఉక్కు కడ్డీని వాటి మీద జారుస్తారు. స్వరం మెట్టు మెట్టుగా దిగదు, జారుబండ మీద పిల్లల్లా జారుతుంది. అత్తగారికి ఈ వ్యవహారం మొదటినుంచీ వింతే. కోడలు వాయించుకుంటుంటే "తీగలకు ఇస్త్రీ చేస్తోంది" అని వచ్చినవాళ్లకు చెప్పేది. వాళ్లు నవ్వేవాళ్లు. కోడలూ నవ్వేది, నవ్వక ఏం చేస్తుంది?

ఆమె చాలా ఏళ్లు ఒక ఆర్కెస్ట్రాలో వాయించింది. తర్వాత వాళ్లు కొత్త కీబోర్డు కొన్నారు. ఆమె ఇన్నేళ్ల సాధన అందులో ఒక బొత్తాము. అవసరమైతే కబురు చేస్తానమ్మా అని ఆర్కెస్ట్రా పెద్ద మర్యాదగానే చెప్పాడు. కబురు రాలేదు. గిటారు మంచం కిందికి చేరింది. ఎవరైనా పిలిచి వాయించమంటే సరే, లేదంటే ఈ నెల దాటగానే దాన్ని ఎవరికో ఒకరికి ఇచ్చేస్తానని ఆమె భర్తతో తేల్చి చెప్పింది. అతను తలూపి ఊరుకున్నాడు. ఏం మాట్లాడినా తప్పే అవుతుందని ఆ పాటికి నేర్చుకున్నాడు.

అందుకే బావగారు పనిగట్టుకుని మేడమీదికి వచ్చి అడిగినప్పుడు ఆమె గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. క్లినిక్కులో పొద్దస్తమానం స్పీకరు పెట్టి మనసుకు హాయినిచ్చే సంగీతమని ఏదో వినిపిస్తున్నారు. దానికి ఎవరూ కుదుటపడటం లేదట. నువ్వే వచ్చి అమ్మ పక్కన కూర్చుని వాయిస్తావా అన్నాడు. అత్తయ్య ఒప్పుకుంటే అలాగే బావగారూ అంది, ఏమీ పట్టనట్టు. దవడ వాచి నీళ్లు కూడా మింగుడుపడని స్థితిలో అత్తగారు దేనికైనా ఒప్పుకునేలా ఉంది.

అక్కడే చిన్నకోడలు పొరపాటు చేసింది. ఇన్నాళ్లకు వినేవాళ్లు దొరికితే ఏ కళాకారిణి చేతులు ఊరుకుంటాయి? అత్తగారికి ప్రాణమైన పాట ఎత్తుకుంది. ఎత్తుకున్నది ఎత్తుకున్నట్టు కాకుండా, ఉన్న పనితనమంతా అందులో కుమ్మరించింది. అత్తగారి భయం నిజంగానే పోయింది. పోయి, ఆమె కూడా పాడటం మొదలుపెట్టింది. తెరిచిన నోటితో కూనిరాగం తీస్తూ, చరణం పైకి వెళ్లేసరికి ఊపులో నోరు మూసింది. మధ్యలో ఉన్నది కొడుకు వేలు. చాలదన్నట్టు డాక్టరు కాలు కూడా తాళం వేసింది. ఆ కాలి కిందే మిషను పెడలు ఉంది. మిషను గాల్లో తాళం ప్రకారం కెవ్వు కెవ్వుమంది. అత్తగారు మళ్లీ మెట్ల మీద ఉంది.

చిన్నకోడలికి తల తీసేసినట్టయింది. మేడమీదికి వచ్చి తీగలు తుడిచి, గిటారుకు గుడ్డ చుట్టేసింది. ఇక దాన్ని మంచం కింద కూడా ఉంచదలచుకోలేదు. వేలికి కట్టుతో బావగారు గుమ్మంలో నిలబడ్డాడు. తిడతాడనుకుంది. కాలు ఆడించింది నేనేగా, సగం తప్పు నాది అన్నాడు. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"నొప్పి తెలియకుండా చేయగలను. ఆ కూతకే నా దగ్గర మందు లేదమ్మా."

ఆమె చుట్టిన గుడ్డ విప్పింది. "ఆ కూత నాకోసారి వినిపిస్తారా బావగారూ?"

మధ్యాహ్నం క్లినిక్కు ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరూ కూర్చున్నారు. అతను ఎప్పుడో పీకిన పన్నొకటి పట్టుకుని మిషను తిప్పాడు. ఆమె వింది. అది ఏ స్వరం మీదా నిలబడటం లేదు, రెండు స్వరాల మధ్య సందులో ఇరుక్కుని ఏడుస్తోంది. స్పీకరులో ఏ పాట పెట్టినా దానితో గొడవపడేది అందుకే. కీబోర్డులో ఆ సందుకు బొత్తాము లేదు. ఉక్కు కడ్డీకి మాత్రం సందులన్నీ దారులే. ఆమె కడ్డీని మెల్లగా జరిపి, అదే స్వరాన్ని కింది స్థాయిలో పట్టుకుంది, దానికి ఆసరాగా ఇంకో తీగ మీటింది. అంతవరకూ ఒంటరిగా అరుస్తున్నది కాస్తా, పాటలో ఎవరో పైస్థాయి అందుకున్నట్టు నిలబడింది. డాక్టరు మిషను ఆపి ఆమె వైపు చూశాడు. మళ్లీ తిప్పాడు.

పంటిని తాకగానే కూత కుంగుతుందని అతను చెప్పాడు. కుంగినంత మేరా కడ్డీ కూడా జారాలి. అతని చేతులు చూస్తే ఆలస్యమవుతోందని తెలుసుకుని, ఆమె అతని బూటు వైపు చూడటం అలవాటు చేసుకుంది. పెడలు మెల్లగా నొక్కడం అతను నేర్చుకున్నాడు. అన్నిటికన్నా కష్టమైన పని మాత్రం ఆమెకే పడింది. పాట వాయించకూడదు. వేళ్లు పాట కోసం పీకుతుంటే వాటిని వెనక్కి లాక్కుంటూ కూర్చోవాలి. చప్పట్లు తిన్న చెయ్యి అది, అంత సులభంగా వింటుందా?

ఈసారి కూడా కుదరకపోతే తల్లిని వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. గిటారు సంగతి వేరే చెప్పక్కర్లేదు. అత్తగారిని ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని దించారు. మళ్లీ ఇస్త్రీయా అని నీరసంగా అడిగి కుర్చీలో వాలింది.

బూటు కదిలింది. కూత లేవకముందే చిన్నకోడలి తీగ మోగింది. మిషను లేచి వచ్చి దాని మీద కుదురుగా కూర్చుంది. అత్తగారి వేళ్లు కుర్చీ చేతులను గట్టిగా పట్టుకునే ఉన్నాయి, కళ్లు గుమ్మం వైపే ఉన్నాయి. మిషను పంటి మీదికి దిగింది. కూత కుంగింది, కడ్డీ కుంగింది. లేచింది, ఇదీ లేచింది. పాట లేదు కాబట్టి పాడటానికేమీ లేదు. తాళం లేదు కాబట్టి ఎవరి కాలూ ఆడలేదు. పొడుగాటి స్వరాలు, ఒకదాని చివర ఇంకొకటి అందుకుంటూ, గదంతా మెల్లగా ఊగుతున్నట్టుంది. వేళ్లు వదులయ్యాయి. రెప్పలు వాలాయి. బయట వరస చూసుకుంటున్న డాక్టరు భార్య ఎవరూ చెప్పకుండానే స్పీకరు కట్టేసింది.

మొండి పన్ను ముక్కలై బయటికి వచ్చింది. డాక్టరు కుట్టు వేసి, నోట్లో దూది పెట్టి, పెడలు మీద నుంచి కాలు తీశాడు. చిన్నకోడలు చివరి స్వరాన్ని దానంతట దాన్నే చల్లారనిచ్చి, కడ్డీ పైకెత్తింది. ఆమె వీపంతా చెమట.

అత్తగారు కళ్లు తెరిచింది. కొడుకు వైపు చూడలేదు. తిమ్మిరెక్కిన పెదవితో కోడలిని అడిగింది.

"ఎందుకాపావు?"

"అయిపోయిందత్తయ్యా. పన్ను వచ్చేసింది."

ఆమె నాలుకతో తడుముకుంది. పన్ను ఉండాల్సిన చోట దూది తగిలింది. అయితే మాత్రం వాయించకూడదా అన్నట్టు కోడలి చేతిని గిటారు మీదికి తోసింది. డాక్టరు మొహం తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చిన్నకోడలికి కళ్లు తుడుచుకునే చెయ్యి ఖాళీగా లేదు, నీళ్లు కారితే కారనిచ్చింది. ఆర్కెస్ట్రా ముందు వందల మంది కొట్టిన చప్పట్లలో ఒక్కటీ ఆమెకు ఇంత లోపలికి తగల్లేదు.

తలుపు తీసేసరికి బయట వరసలో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడి ఉన్నారు. ఎవరి కాళ్లకూ చెప్పులు లేవు. ముందున్న భారీ మనిషి, ఎన్నాళ్లుగానో రేపు వస్తానని తప్పించుకు తిరుగుతున్నవాడు, డాక్టరును దాటి లోపలికి తొంగిచూశాడు.

"ఆవిడ ఉంటారా డాక్టరుగారూ?"

డాక్టరు మరదలి వైపు తిరిగి, ఆమె చెప్పేదాకా ఆగాడు. ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. గిటారును ఒళ్లో సర్దుకుంది.

"ఆయన్ని కూర్చోబెట్టండి బావగారూ. ముందు ఒకసారి మిషను తిప్పండి, శ్రుతి చూసుకోవాలి."