అడుగున కన్నాలున్న పడవ

నేను ఒక పడవనంటే కొర్లయ్య మొదట్లో ఒప్పుకోలేదు. అడుగున కన్నాలున్నది పడవెలా అవుతుందని అతని అభ్యంతరం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నీళ్ల మీద బతికిన మనిషి. అతనితో వాదనకి దిగడానికి నాకు నోరు లేదు. ఆ మాటలన్నీ మిగిలిపోయి ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

నన్ను కయాక్ అంటారు. ఒక మనిషి కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే చిన్న పడవని. నాకోసం ఎవరూ చెట్టు కొట్టలేదు. ప్లాస్టిక్ పొడిని ఇనుప అచ్చులో పోసి, పొయ్యిలాంటి గదిలో తిప్పి తిప్పి కరిగించారు. బయటికొచ్చేసరికి పైన గట్టి, లోపల బోలు. రంగు పాచి ఆకుపచ్చ. కూర్చునే చోట అడుగుదాకా గొట్టాల్లాంటి కన్నాలు వదిలారు. పైన పడ్డ నీళ్లు వాటిలోంచి కిందికి జారిపోతాయి. నా బోలు కడుపులోకి మాత్రం ఒక్క చుక్క కూడా రాదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, కొర్లయ్యకి ఎంత చెప్పినా ఎక్కలేదు.

హైదరాబాదు శివారులో ఫణీంద్ర అనే ఆయన షాపులో నన్ను నిలబెట్టారు. పక్కన ఎర్రటి కయాక్ ఒకటి, సన్నగా, పొడుగ్గా, చూడముచ్చటగా ఉండేది. నేను వెడల్పు, నడకలో మందం. వచ్చినవాళ్లంతా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగి, నా వీపు మీద చేతిసంచులు పెట్టుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

చివరికి నన్నొక పళ్ల డాక్టరు కొన్నాడు. చేపలు పట్టడం ఆయనకి కొత్తగా పుట్టిన సరదా. ఎంత బరువు మోస్తుంది, కారు మీద సరిపోతుందా, గాలం కర్ర గుచ్చడానికి చోటుందా, ఫోను పెట్టుకోవడానికి ఎక్కడుంది అని ఫణీంద్రని ఊపిరాడనివ్వలేదు. అడిగినవన్నీ సరైన ప్రశ్నలే, కాదనను. ఆదివారం ఆదివారం చెరువుకి తీసుకెళ్లాడు. చేపల మాట ఎలా ఉన్నా ముఖం మాత్రం బాగా మాడింది. ఒక ఆదివారం చుట్టాలొచ్చారు, మరో ఆదివారం వాన. ఆ తర్వాత నేను అపార్ట్‌మెంట్ పార్కింగులో గోడకి ఆనుకుని ఉండిపోయాను. పిల్లులు నా సీటులో పడుకునేవి. ఒకనాడు ఆయన భార్య గట్టిగా అనేసరికి మళ్లీ ఫణీంద్ర షాపుకే చేరాను.

అక్కడికే ఒక మధ్యాహ్నం నూకరత్నం, కొర్లయ్య వచ్చారు. విశాఖ సముద్రపు ఒడ్డు నుంచి ఎప్పుడో వలస వచ్చి, కృష్ణానది మీద కట్టిన రిజర్వాయరు ఒడ్డున గుడిసె వేసుకున్న జంట. వాళ్లకి పుట్టి ఉండేది, అంటే తట్టలా గుండ్రంగా ఉండి, అడుగున తారు పూసిన పడవ. పుట్టికి ఇద్దరు కావాలి. పెళ్లాం ముందు మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేస్తే మొగుడు వెనక నిలబడి వల వదులుతాడు. ఒక్కరే ఎక్కి వల లాగబోతే అది ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. కొర్లయ్యకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడుస్తున్నాడు. అప్పటి నుంచీ పుట్టి ఒడ్డునే బోర్లా పడి ఉంది. నూకరత్నం తమ్ముడు దాసు హైదరాబాదులో ఉంటాడు. అక్కకి ఒక అపార్ట్‌మెంట్‌లో ఇళ్ల పని చూశాడు. వాళ్లిచ్చే గది ఒక్క మనిషికే. కొర్లయ్య సముద్రం దగ్గర తన అక్కగారి ఇంట్లో ఉండాలి. ఒంటరిగా చేపలు పట్టగలదని తేలితే తప్ప నూకరత్నానికి గుడిసె లేదు, మొగుడూ పక్కన ఉండడు. అందుకోసం ఒక్క మనిషి నడిపే పడవ వెతుక్కుంటూ వచ్చింది.

కానీ కొర్లయ్య కళ్లు ఒక పసుపుపచ్చ కయాక్ మీద పడ్డాయి. దానికి రెండు సీట్లు.

"ఇది తీసుకుందారే రత్నం. నా సెయ్యి బాగయ్యాక ఇద్దరం ఎల్తాం కదా."

నూకరత్నం పసుపుదాన్ని ముందు నుంచి ఎత్తి చూసింది. కాస్త లాగింది. అది నేల మీద గీరుకుంటూ జానెడు కదిలి ఆగిపోయింది. తర్వాత ఎర్రదాన్లో కూర్చుంది. నేల మీదే అది ఇటూ అటూ ఊగింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చింది. అలవాటు ప్రకారం సీటుని వదిలేసి ముందుకెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. ఫణీంద్ర నవ్వు ఆపుకోలేక, "అమ్మా, కూర్చోవాల్సింది వెనక సీట్లోనండీ" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి సీటు వంక చాలాసేపు చూసింది. వెనక ఎప్పుడూ ఆమె చోటు కాదు. మెల్లగా లేచి సీట్లో కూర్చుని, వల లాగుతున్నట్టు ఒక పక్కకి ఒంగింది. నేను కదల్లేదు. నా వెడల్పుకి అదొక్కటే సుఖం.

"ఇది సాలు" అంది.

"ఒక్క సీటేనే ఉందీ?"

"నివ్వు రావు మావా." గొంతు తగ్గించే అంది గానీ షాపులో అందరికీ వినపడింది. "రాలేవని డాట్రుబాబు నాతో సెప్పీసినాడు. ఒడ్డుకి నానొక్కదాన్నే లాక్కోవాల. పసుపుది నా వల్ల కాదు."

కొర్లయ్య ముఖం చూడలేకపోయాను. ఆ మాట అతనికీ తెలియంది కాదు. ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు, అంతే. అతను నన్ను తిరగేయమన్నాడు. తిరగేశారు. కన్నాలు కనిపించాయి.

"ఇదేటి బాబూ, పడవకి కన్నాలెట్టి అమ్ముతున్నారేటి?"

ఫణీంద్ర ఓపిగ్గా చెప్పాడు. పైకొచ్చిన నీళ్లు పోవడానికేనని, వాటిని మూయకూడదని రెండుసార్లు చెప్పాడు. కొర్లయ్య బుద్ధిగా తలూపాడు. మనుషులు వినకూడదనుకున్నప్పుడే అంత బుద్ధిగా తలూపుతారని నాకు అప్పటికి తెలియదు.

రిజర్వాయరు ఒడ్డుకి చేరిన మర్నాడు కొర్లయ్య మూడు రాళ్ల మీద డబ్బా పెట్టి తారు కరిగించాడు. పాత గుడ్డపీలికలు ఎడమ చేత్తో తారులో ముంచి, నా కన్నాల్లో కుక్కడం మొదలుపెట్టాడు. ఒక్క చేత్తో గుడ్డ మెలితిప్పడం చాలా కష్టం. పళ్లతో పట్టుకునేవాడు. మీసానికి తారు అంటుకుంది. నూకరత్నం వల బాగు చేసుకుంటూ అంతా చూస్తూనే ఉంది. మూయకూడదన్న మాట ఆమె చెవిన కూడా పడింది. కానీ చెయ్యి పడిపోయాక కొర్లయ్య ఒక పని అంటూ చెయ్యడం అదే మొదలు. అతని నోట్లో సన్నగా కూనిరాగం కూడా వినిపిస్తోంది. ఆపమని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. నాకు ఊపిరి బిగపట్టినట్టయింది.

మొదట్లో ఏమీ కాలేదు. నీళ్లు అద్దంలా ఉండేవి. నూకరత్నం పొద్దున్నే వల వదిలి రావడం నేర్చుకుంది. ఒక చేత్తో వల, ఒక చేత్తో తెడ్డు. చిక్కులు పడేవి, తిట్టుకునేది, మళ్లీ విప్పుకునేది. బొచ్చెలు, జెల్లలు పడ్డాయి. కొర్లయ్య గుడిసె ముందు కూర్చుని నీళ్ల వైపు కాకుండా రోడ్డు వైపు చూసేవాడు.

ఆ రోజు వల సగం లాగేసరికి కొండల మధ్య నుంచి గాలి దిగింది. అలలు లేచాయి. ఒక్కొక్క అల నా మీదికి ఎక్కి, దిగిపోయే దారి లేక అక్కడే నిలబడిపోయింది. నూకరత్నం నడుము దాకా నీళ్లు. బరువుకి నేను కిందికి దిగిన కొద్దీ తర్వాతి అల ఇంకా తేలిగ్గా ఎక్కింది. ఆ నీళ్లు ఒక పక్కకి పరిగెత్తితే నేనూ ఆ పక్కకే ఒరిగాను. నేను మునిగే రకం కాదు, తిరగబడతాను. చీరకి వల చుట్టుకున్న మనిషికి ఆ రెంటికీ తేడా లేదు. నాకు చాలా భయం వేసింది. నా బతుకులో మొదటిసారి ఒక మనిషి కోసం భయపడ్డాను.

ఆమె డబ్బాతో తోడింది. లాభం లేదు. వల కోసి పారేసింది, ఎంతో కష్టపడి బాగు చేసుకున్న వలని. ఆ తర్వాత కత్తిని నీళ్లలోకి దించి, అడుగున తడుముకుంటూ ఒక కన్నం దొరకబుచ్చుకుని పొడిచింది. గుడ్డ కొంచెం కదిలింది. తెడ్డు కొసతో కుమ్మింది. తారు పీలిక ఊడి కిందికి పోయింది. ఇంకోటి. ఇంకోటి. నీళ్లు గుడగుడమంటూ దిగిపోయాయి, నేను తేలికపడి పైకి లేచాను. ఆమె తెడ్డు అందుకుని నన్ను ఒడ్డు వైపు తిప్పింది.

కొర్లయ్య నీళ్లలోకి మోకాలి దాకా దిగిపోయి ఉన్నాడు. ఆ కాలితో ఎలా వచ్చాడో.

"ఒగ్గీద్దారే రత్నం" అన్నాడు ఏడుస్తూ. "దాసుకి సెప్పీ. పట్నం ఎల్లిపో. నాను అక్క దగ్గర పడుంటాను. నివ్వు బతికుంటే సాలు."

నూకరత్నం నన్ను ఒడ్డుకి లాగి బోర్లా వేసింది. మిగిలిన తారు ముద్దల మీద చెయ్యి పెట్టింది.

"గాలి నన్ను ముంచలేదు మావా. పడవా ముంచలేదు. ఇదిగో, నీ తారు ముంచబోయింది." తలెత్తి మళ్లీ అంది. "సూత్తూ సూత్తూ ఊరుకున్నాను, నీ మనసు కట్టపడతాదని. ఇంక ఊరుకోను. పట్నం ఎల్లను."

అతను తడి బట్టలు కూడా మార్చుకోలేదు. వెళ్లి కిరసనాయిలు తెచ్చాడు. ఎడమ చేత్తో ఒక్కో కన్నమూ గీకాడు, తుడిచాడు. ఆమె సాయం వస్తే వద్దన్నాడు. అంతా అయ్యాక నన్ను సరిగ్గా పెట్టించి, ఒక చెంబు నీళ్లు నా మీద పోశాడు. నీళ్లు కన్నంలోంచి జారి ఇసుకలో ఇంకాయి. నమ్మకం కుదరలేదు కాబోలు, ఇంకో చెంబు పోశాడు. ఆ తర్వాత పోయడం మానేసి ఊరికే నా అంచు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న నూకరత్నం మిగిలిన వల ముక్క సర్దుకుని నన్ను నీళ్లలోకి నెట్టి ఎక్కింది. పట్టుమని పది బారలు కూడా పోలేదు, ఒడ్డు మీద ఫోను మోగింది. దాసు. కొర్లయ్య ఫోనులో మాట్లాడితే నాలుగు ఇళ్ల అవతలికి వినపడుతుంది, పైగా అప్పుడు గాలి లేదు.

వాళ్ల జనంలో చేపలకి పోవడాన్ని వేట అంటారు. వేటకి వెళ్లేది మగవాడు. అన్నేళ్లూ పుట్టిలో ముందు కూర్చుని నూకరత్నం చేతులు కాయలు కాచినా, కొర్లయ్య వేటకెళ్లాడనేవారే గానీ ఆమె పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. ఆమె కూడా ఎత్తుకునేది కాదు.

"మీ అక్కేటి?" అంటున్నాడు కొర్లయ్య. "ఇప్పుడు మాటాడ్డానికి అవదు దాసూ. ఏటకెల్లింది."

తెడ్డు నీళ్ల మీద ఆగింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత వల వదలడానికి నన్ను లోతు వైపు తిప్పింది.