షెల్టరుకు కొత్త సున్నం

తుఫాను షెల్టరుకు సున్నం కొట్టించాలి. స్తంభాల పగుళ్ళు సిమెంటుతో పూడ్పించాలి. కొబ్బరిబొండాలు తెప్పించాలి. ఆడవాళ్ళకి ఏం మాట్లాడాలో ముందే చెప్పి ఉంచాలి. మచిలీపట్నం సర్కారీ ఆఫీసులో పై అధికారి రాంప్రసాద్ గారు పురమాయించిన ఈ పనులన్నీ వాసు నెత్తిన పడ్డాయి. హంసలదీవి పక్కన పల్లెపాలెంలో డిగ్రీ గట్టెక్కిన మొదటివాడు అతనే. ఉద్యోగం ఇంకా టెంపరరీయే.

కొచ్చిన్ రొయ్యల కంపెనీ ఇంజనీరు విల్సన్ చూడ్డానికి వస్తున్నాడు. ఇక్కడ ఫ్యాక్టరీ పెడితే వాసు తల్లి చిట్టెమ్మ చేపల గంప దించి నీడపట్టున పని చేసుకోవచ్చు. కానీ తుఫానొస్తే పనివాళ్ళు తలదాచుకునే చోటు ఉండాలని కంపెనీ షరతు. ఉన్నది ఆ ఒక్క షెల్టరే. దాన్ని కట్టేటప్పుడు బళ్ళ మీద సముద్రపు ఒడ్డు ఇసుక తోలారు. పాలెమంతా చూసింది. కాగితాల్లో మాత్రం అది కృష్ణా నది ఇసుక అయింది. ఇప్పుడు ఉప్పు తిన్న ఊచలు ఉబ్బి పెచ్చులు రాలుతున్నాయి.

"అమ్మా, రేపొక్కరోజు నోరు కట్టుకోవే," అన్నాడు వాసు.

"నేను మాట్లాడన్లేరా. మేకలకెవరు చెప్తారు? వానొచ్చినా అవి దాని కిందకి పోవు."

మర్నాడు తుంపర పడుతోంది. విల్సన్ షెల్టరంతా తిరిగి, బొండాలు పట్టుకుని బయట నిలబడ్డ ఆడవాళ్ళను చూశాడు.

"తుఫానొస్తే ఇక్కడికే వస్తారా అమ్మా?" అని మలయాళం యాస తెలుగులో అడిగాడు.

రాంప్రసాద్ గారు నవ్వారు. "చెప్పు చిట్టెమ్మా. మీవాడి పర్మనెంటు కాగితం నా టేబుల్ మీదే ఉంది."

వాసు తల్లి వైపు చూశాడు.

"వస్తామండి," అంది చిట్టెమ్మ.

"అయితే ఇప్పుడు రండి. తడుస్తున్నారు కదా."

చినుకులు ముదిరాయి. కొంగులు నెత్తిన కప్పుకున్నారే గానీ ఒక్కరూ గడప దాటలేదు. విల్సన్ వాళ్ళ కాళ్ళ వంకే చూస్తూ నిలబడిపోయాడు. బొండాం ముట్టకుండానే జీపెక్కాడు.

"ఇది బాగుందని సంతకం పెట్టినవాళ్ళే రేపు మా ఫ్యాక్టరీ గోడలకీ పెడతారు," అన్నాడు వాసుతో మెల్లగా. "ఎవర్ని నమ్మి వీళ్ళని పనిలోకి పిలవను తమ్ముడూ?"

కంపెనీ మళ్ళీ రాలేదు.

కార్తికంలో తుఫాను హెచ్చరిక వచ్చింది. రాంప్రసాద్ గారు వాసు చేతికి మైకిచ్చి పంపారు. "అందరూ షెల్టరుకి రావాలి" అని అరుస్తుంటే అతని గొంతు అతనికే భయం పుట్టించింది. ఇళ్ళలో ఉంటే ఉప్పెన. అక్కడుంటే ఆ కప్పు. జనం కదల్లేదు.

చిట్టెమ్మే ముందు గడప దాటింది. ఏ స్తంభానికీ ఆనుకోకుండా నడిమధ్యన కూర్చుంది.

"రండే! నా కొడుకు పిలుస్తుంటే నిలబడతారేం?"

అందరూ వచ్చారు. గాలి కొట్టినప్పుడల్లా పైనుంచి పెచ్చులు రాలాయి. వాసు తల్లి నెత్తి మీద రెండు చేతులూ అడ్డంపెట్టి కూర్చున్నాడు.

ఆసారి తుఫాను ఉత్తరానికి తిరిగింది. షెల్టరు అలాగే ఉంది. పెద్దవాళ్ళెవరైనా వస్తే సున్నం కొడతారు. తుఫాను మచిలీపట్నం దగ్గర తీరం దాటుతుందని రేడియోలో ఎప్పుడైనా వింటే, కొడుకు మాట పోనివ్వకూడదని ఆ కప్పు కింద కూర్చునే చిట్టెమ్మను ఒక్కసారి తలుచుకోండి.