కెప్టెన్ చేతి రేడియో

పళ్ల సెట్లు తయారుచేసే ఆ పెద్దాయనకు ఒకటే పిచ్చి. చిన్నప్పుడు టీవీలో గాలిపడవెక్కి దొంగల్ని తరిమిన ఒక కెప్టెన్ పేరిట వచ్చిన బొమ్మల్నీ, ఆటల్నీ పోగుచేసేవాడు. రేకు పడవలు, పాచికల ఆటలు, రంగు వెలిసిన పేకముక్కలు ఒక గదినిండా ఉండేవి. మనింట్లో మనకంటే కెప్టెన్‌కే చోటెక్కువని, బస్సు నడిపే కూతురు వేళాకోళం చేసేది. పిల్ల తిరిగే ఇల్లు, ఆ గదికి తాళం వెయ్యమని పోరేది కూడా.

ఇరవై ఏళ్లు వెతగ్గా పాతసామాన్ల కొట్లో కెప్టెన్ చేతి రేడియో దొరికింది. మణికట్టుకు కట్టుకునే బొమ్మ. నొక్కితే ఎర్రదీపం వెలగాలి. తెగిన తీగలు తనే అతికి, చొక్కా బొత్తామంత కొత్త బ్యాటరీ వేశాడు. వెనక మూతకు స్క్రూ లేదు. టేపు అంటించి ఊరుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం, ఇంట్లో అందరూ పిచుక అని పిలిచే మూడేళ్ల మనవరాలు ఆయన దగ్గరుంది. ఆయన టీ పెట్టుకుని వచ్చేసరికి చొంగ కారుస్తూ, పాలు వద్దంటూ, ఛాతీ చూపించి ఏడుస్తోంది. జలుబనుకున్నాడు. అంతలో నేలమీద రేడియో, పక్కన ఊడిన మూత కనిపించాయి. బ్యాటరీ లేదు.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. అయినా ముందు బీరువా కింద వెతికాడు. తర్వాత మంచం కింద, చెప్పుల్లో. దొరికితే కూతురికి చెప్పే పనుండదని ఆశ. పది నిమిషాలు గడిచాయి. పిల్ల వాంతి చేసుకుంది. అప్పుడు ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

ఎక్స్‌రేలో ఛాతీ మధ్యన గుండ్రటి మచ్చ. బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుందని, ఉన్నంతసేపూ లోపల కాలుస్తూనే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. మింగి ఎంతసేపైందని అడిగింది. ఆసుపత్రివాళ్లు ఫోన్ చేస్తే, అప్పుడే కూతురు యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక్క అబద్ధమాడితే సరిపోయేది.

“నలభై నిమిషాలై ఉంటుందమ్మా,” అన్నాడు చివరికి. “అందులో పది నిమిషాలు నేనే పోగొట్టాను. మా అమ్మాయికి తెలియకూడదని ఇల్లంతా వెతుక్కుంటూ కూర్చున్నాను.”

కూతురు ఆయన వంక చూడలేదు. పిల్లను లోపలికి తీసుకెళ్లాక, తలుపు మీదే చూపు నిలిపి, మెల్లగా అడిగింది. “నా తిట్లకి భయపడి దాన్ని ఆసుపత్రికి తేకుండా ఆపావా నాన్నా?”

నోట్లోంచి గొట్టం దించి బ్యాటరీ తీశారు. లోపల పుండు పడిందని, మానేదాకా ఏ క్షణాన రక్తం వచ్చినా ఆలస్యం చెయ్యొద్దని డాక్టరమ్మ హెచ్చరించింది. బొమ్మల గది తాళంచెవి ఆయన కూతురి చేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది.

మూడు వారాలకు పిచుక మొదటిసారి మెత్తటి ముద్ద తింది. గిన్నె ఆయన చేతిలో ఉంది.

“దిగిందా తల్లీ?”

“దిగింది తాతా.”

రెండో ముద్ద కలిపాడు కానీ, పిల్ల నోరు తెరిచినా పెట్టలేకపోయాడు. కూతురు వచ్చి పక్కన కూర్చుని, గిన్నె తన చేతిలోకి తీసుకుంది.