కాగితంలో లేని చీలిక

గ్యాస్ బండల వ్యాను డ్రైవరు ఆ కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. నిన్ననే అచ్చయి వచ్చిన మడత కాగితం. ఊరి నుంచి తూర్పు దారిన కనుమ దాకా ఎక్కి, పడమటి దారిన లోయలోకి దిగి, కొండల పాదాల వెంట మళ్ళీ ఊరు చేరే సైకిలు దారి అందులో ఉంది. రాసినతను బల్లకు అటువైపు కూర్చుని, చదివేవాడి మొహం చూస్తున్నాడు. సైకిళ్ళ క్లబ్బులో అందరూ అతన్ని మాస్టారంటారు. బళ్ళో పాఠాలు చెప్పింది లేదు, దారులు రాయడమే అతని పని. బైండింగు దుకాణం మీద ఉన్న ఈ ఒంటిగదే అతని ఆఫీసు.

"అంతా బానే ఉంది గానీ సారూ, చీలిక ఏది?"

"ఏ చీలిక?"

"అదే, క్వారీ దగ్గరది. కనుమ నుంచి దిగుతుంటే నాలుగో మలుపు దాటాక వస్తుందే."

"అక్కడ ఒకటే రోడ్డు కదయ్యా."

డ్రైవరు నవ్వాడు. "మీకేం తెలుస్తుంది లెండి. ఆవేళ నా వ్యానులో దిగినంతసేపూ పన్ను పీకించుకునేవాడిలా సీటు అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంటిరి. దిగేవాడికి అక్కడ రోడ్డు రెండవుద్ది సారూ. తిన్నగా పోయేది క్వారీది. వెడల్పుగా నున్నగా ఉండేది అదే. మన దారి ఎడమకి, పొదల చాటున సన్నగా ఉంటుంది."

"క్వారీ రోడ్డు ఎటు పోతుంది?"

"ఇప్పుడెటూ పోదు. కొండను కోసేశారుగా. ఆ మొన్నటి వానలకి అంచు కూడా జారిపోయింది. రెండొందల గజాలు పోయాక రోడ్డు ఉండదు, గాలే."

మాస్టారు కాగితం లాక్కున్నాడు. ఆ చోట ఏం రాశాడో చూడకుండానే తెలుసు. "ఇక్కడి నుంచి మూడు కిలోమీటర్లు ఒకటే రోడ్డు. బ్రేకులు వదిలేయండి. కొండే మిమ్మల్ని ఎత్తుకుని దింపుతుంది."

గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. అక్క పొద్దున ఆరింటికే బయల్దేరింది.

అతను రాసిన ప్రతి కొత్త దారినీ అందరికంటే ముందు తొక్కేది అక్కే. వయసు యాభై మూడు, పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. వారమంతా ఇతరుల నోళ్ళు చూసి విసుగెత్తిన మనిషి కాబట్టి సెలవు రోజున నోరు లేని కొండలే కావాలనేది. నిన్న సాయంత్రం వచ్చి మొదటి కాగితం పట్టుకుపోయింది. "ఎక్కడమంటే నాకు గాడిద చాకిరీరా. నువ్వు దిగుడు ఎలా రాస్తావో దానికోసం ఎక్కుతాను," అంది.

ఆ మాట ఒక్క అక్కదే కాదు. దిగడం గురించి అంత బాగా రాసేవాడు లేడని క్లబ్బులో అందరూ అనేవారు. చెవుల్లో గాలి, మోకాళ్ళ కింద జారిపోయే రోడ్డు, మలుపులో ఒళ్ళు వాలినప్పటి ఆ ఒక్క క్షణం. చదివితే కుర్చీలో కూర్చున్నవాడికి కూడా కడుపులో చల్లగా అనిపించేది. మాస్టారు ఆరేళ్ళుగా ఒక్క కొండ కూడా సైకిలు మీద దిగలేదు.

పడినందుకు కాదు. పడి ఉంటే చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. చిన్నపిల్లలు దిగే వాలు మీద, ఎండలో, ఎవరూ లేనప్పుడు, అతని చేతులు బ్రేకుల మీద బిగుసుకుపోయాయి. ఎంత బతిమాలుకున్నా వేళ్ళు విడలేదు. సైకిలు దిగి, నడిపించుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత ప్రతి కొండ దగ్గరా అదే. దిగుడుగా రాయాల్సిన దారినే కింది నుంచి సైకిలు మీద ఎక్కేవాడు, పైన కాసేపు ఆగి, ఏదో ఒక బండిలో సైకిలు వేయించుకుని దిగేవాడు. బండిలో కూడా కళ్ళు తెరవలేకపోయేవాడు. ఇంటికొచ్చి, ఎక్కుతూ రాసుకున్న గుర్తులను కింది నుంచి పైకి చదువుతూ, ఎడమను కుడి చేసి, కుడిని ఎడమ చేసి, దిగుడు రాసేవాడు. గుర్తులకు పైపూతగా తన కోరికను రాసేవాడు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం వాసన బాగా తెలిసినట్టు, దిగడం అతనికి అంత బాగా తెలిసేది.

ఎక్కేవాడికి క్వారీ రోడ్డు ఎడమ భుజం వెనక నుంచి వచ్చి కలుస్తుంది. హ్యాండిల్ మీద తల వాల్చి, ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాడు వెనక్కి తిరిగి చూడడు. అతనూ చూడలేదు.

ఫోను తీశాడు. మీరు పిలిచిన వ్యక్తి అందుబాటులో లేరు. మళ్ళీ చేశాడు. అదే ఆడగొంతు, అదే మర్యాద. క్లబ్బు వాళ్ళు ఐదుగురు ఎనిమిదింటికి బయల్దేరి ఉంటారు, వాళ్ళ దగ్గరా ఇవే కాగితాలు. ఒకడికి చేశాడు, ఇంకొకడికి చేశాడు. కొండ వాళ్ళను కూడా అప్పుడే మింగేసింది.

"వ్యాను తీయవయ్యా," అన్నాడు. "లోయ వైపు నుంచి పోదాం. కింద నుంచి అయితే చీలిక దగ్గరవుద్ది."

"బండలు దించాలి సారూ, కింద హోటలు వాళ్ళు..."

"మా అక్క అయ్యా!"

డ్రైవరు తాళాలు తీసుకుని మెట్లు దిగాడు.

కొండ పాదాల రోడ్డు మీద వ్యాను ఊగిపోతుంటే వెనక బండలు ఒకదానికొకటి కొట్టుకుని మోగుతున్నాయి. మాస్టారు అక్కను మనసులో ఎక్కించసాగాడు. ఇప్పుడు ఏడో మైలురాయి దగ్గర ఉంటుంది. ఇప్పుడు నీళ్ళు తాగుతుంటుంది. ఆమె ఆగాలని, చైను తెగాలని, కండ పట్టేయాలని, కడుపునొప్పి రావాలని, ఆమెకు జరగగల చిన్న చిన్న కష్టాలన్నీ ఒక్కొక్కటిగా కోరుకున్నాడు. మధ్యలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఆమె దాటేసి క్షేమంగా దిగి ఉంటే, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అని. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డాక కూడా అది పోలేదు.

"కంగారుపడకండి," అన్నాడు డ్రైవరు. "కళ్ళున్న మనిషికి చీలిక కనపడదా? ఆగి చూసుకుంటుంది."

"ఆగదు."

"ఎందుకాగదూ?"

"నేను రాయలేదు కాబట్టి."

తొమ్మిదిన్నరకు చీలిక దగ్గరకొచ్చారు. రోడ్డు రెండవడం మాస్టారు మొదటిసారి చూశాడు. పై నుంచి వచ్చే రోడ్డు తిన్నగా, దర్జాగా క్వారీలోకి పోతోంది. తాము వచ్చిన దారి దాని పక్క నుంచి దొంగలా తప్పుకుంటోంది. క్వారీ రోడ్డు మీద పేరుకున్న తెల్లటి పొడిలో సన్నటి టైరు గీత ఒకటి ఉంది. ఎక్కడా వంకర లేదు.

డ్రైవరే ముందు పరిగెత్తాడు. అతని కేక వినపడేదాకా మాస్టారు ఆ గీతను తొక్కకుండా పక్కనుంచి నడిచాడు, ఎందుకో తెలియదు.

"ఉంది సారూ! మనిషి ఉంది!"

అంచుకు పది అడుగుల ఇవతల, కంకర కుప్పకు ఆనుకుని అక్క కూర్చుని ఉంది. కుడిచేత్తో ఎడమ భుజాన్ని అదిమి పట్టుకుంది. మోకాలి నుంచి మడమ దాకా చర్మం లేచిపోయింది. సైకిలు లేదు. అంచు దగ్గర కంకర మీద అది పోయిన జాడ మాత్రం ఉంది.

"వచ్చావా," అంది. "నీ కాగితానికి కాళ్ళొచ్చి చెప్పిందా? భుజం ఎముక విరిగిందిరా, చప్పుడు నాకే వినపడింది. పక్కకి దూకేశా. సైకిలు మాత్రం నీ మాట విని నేరుగా పోయింది."

నవ్వబోయి, నొప్పికి మొహం ముడుచుకుంది. అతను ఆమె ముందు కూలబడ్డాడు.

"నాకు చీలిక కనపడింది," అంది అక్క. "బ్రేకు మీద చెయ్యి కూడా వేశా. మళ్ళీ వీడు రాయలేదే, వీడు రాయలేదంటే ఇది చీలిక కాదు, నా కళ్ళే పాడయ్యాయి అనుకుని వదిలేశా. చూడు నా తెలివి! కొత్తగా వేశారేమోలే ఈ రోడ్డు. నువ్వు దిగినప్పుడు ఉండి ఉండదు."

డ్రైవరు మాస్టారి వైపు చూశాడు. చూసి, తల తిప్పుకుని అన్నాడు. "అవునమ్మా. ఈ మధ్యే వేశారు."

ఇద్దరూ కలిసి అతనికి ఒక తలుపు తెరిచి పట్టుకున్నారు. దూరిపోతే చాలు. అక్క మొహంలో అనుమానం మచ్చుకైనా లేదు. అది చూసే అతను మాట్లాడాడు.

"నేను దిగలేదక్కా."

"ఏంటి?"

"ఈ దారి నేను దిగలేదు. ఎక్కాను. దిగేటప్పుడు ఇతని వ్యానులో కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి తిరగేసి రాశాను."

"మొన్న చలికాలంలోది, దేవదారు చెట్ల దారి?"

"అదీ అంతే."

"వంతెన దగ్గర పదకొండు మలుపులది? నేను వానలో దిగానే?"

"అదీ."

"నువ్వు రాశావు కదరా, ఆరో మలుపులో భయం పోతుందని. నిజంగానే పోయింది నాకు."

ఆమె ఇంకా రెండు మూడు దారుల పేర్లు చెప్పింది. అతను ప్రతిదానికీ తలూపాడు. అప్పుడు ఆమెకు వణుకు మొదలైంది. ఇందాక అంచు దగ్గర నవ్వగలిగిన మనిషి, ఎప్పుడో క్షేమంగా దిగేసిన కొండలన్నీ తలుచుకుని, పళ్ళు టకటకలాడేలా వణికిపోయింది.

అతను ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి లేపబోయాడు.

"నువ్వొద్దు," అంది. డ్రైవరు వైపు మంచి చెయ్యి చాపింది. "మీరు పట్టుకోండి బాబూ."

డ్రైవరు ఆమెను నడిపించుకుంటూ తీసుకెళ్ళి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. తలుపు పట్టుకుని ఆగాడు. "మీరు రారా సారూ?"

"ఐదుగురు వస్తున్నారు. నువ్వు ఆస్పత్రికి పో."

వ్యాను మలుపు తిరిగింది. బండల మోత చాలాసేపు కింది నుంచి వినిపిస్తూనే ఉంది. అక్క ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

మాస్టారు రెండు రోడ్లూ విడిపోయే చోటికి వెళ్ళాడు. కంకర రాళ్ళు మోసుకొచ్చి క్వారీ రోడ్డుకు అడ్డంగా పేర్చబోయి ఆగాడు. వేగంగా వచ్చేవాడికి అవి ఆపే రాళ్ళు కావు, పడేసే రాళ్ళు. మళ్ళీ ఒక్కొక్కటే తీసి పక్కన వేశాడు. ఇక పైకి నడవడమొక్కటే మిగిలింది. నాలుగో మలుపు దాటి, వాళ్ళు దూరం నుంచే చూడగలిగే తిన్నటి రోడ్డు మధ్యకు వెళ్ళి, కొండకేసి తిరిగి నిలబడ్డాడు. ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. కాగితం తప్పు. అన్ని కాగితాలూ తప్పే. రాసింది నేనే.

కళ్ళు తెరిచే ఉంచాడు. రోడ్డు మధ్యనుంచి కదల్లేదు.